బ్యాట్ ఎవరిదో బ్యాటింగ్ వాడిదేనా? (విజ్జీ కథ, నా స్కోర్ బుక్)

ఫ్రెండ్స్, ముందు ఒక మాట. నేను ఇంగ్లిష్ మీడియంలో చదివాను. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే ఫస్ట్ టైమ్. తప్పులుంటే క్లబ్‌లో అక్కావాళ్ళు దిద్దారు, ఇంకా మిగిలితే అవి నావే.

గల్లీ క్రికెట్ ఆడిన ఎవరికైనా ఒక రూల్ తెలుసు. బ్యాట్ ఎవరు తెస్తే ఫస్ట్ బ్యాటింగ్ వాళ్ళది. వాడు అవుట్ అయినా ఒప్పుకోడు, ఎక్కువ మాట్లాడితే బ్యాట్ పట్టుకుని ఇంటికెళ్ళిపోతాడు. ఆట ఆగిపోతుంది. అందుకే మిగతావాళ్ళం నోరు మూసుకుని ఫీల్డింగ్ చేస్తాం. మాది కాశీబుగ్గ. మా వీధిలోనూ ఇదే రూల్, మీ వీధిలోనూ ఇదే అయి ఉంటుంది.

ఈ రూల్‌ని వీధిలోంచి తీసుకెళ్ళి ఏకంగా ఇండియా టెస్ట్ టీమ్ మీద పెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఎక్కడివాడో కాదు, మన పక్క జిల్లా విజయనగరం. నేను పలాసలో ట్రైన్ ఎక్కి కాలేజీకి వచ్చే ప్రతిసారీ ఆయన ఊరి స్టేషన్ మీదుగానే వస్తాను. కానీ ఆయన పేరు నాకు పోయిన సెమిస్టర్ దాకా తెలీదు. తెలిశాక నాకు నా పాత స్కోర్ బుక్ గుర్తొచ్చింది. అదెందుకో చివర్లో చెప్తా.

ఎవరీ విజ్జీ?

పూర్తి పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905 డిసెంబర్ 28న పుట్టాడు. విజయనగరం రాజుగారికి రెండో కొడుకు. గద్దె అన్నగారికి వెళ్ళింది కాబట్టి ఈయన 'మహారాజా' కాదు, 'మహారాజ్‌కుమార్'. క్రికెట్ లోకంలో అందరూ పిలిచిన పేరు 'విజ్జీ'. అజ్మీర్‌లో మేయో కాలేజీ, తర్వాత ఇంగ్లండ్‌లో హైలీబరీ స్కూల్. టెన్నిస్ బాగా ఆడేవాడు, వేట పిచ్చి ఎక్కువ.

విజయనగరం వాళ్ళకి కాశీలో కూడా ఆస్తులుండేవి. విజ్జీ అక్కడికి మారిపోయాడు. (మాది కాశీబుగ్గ, ఆయనది కాశీ. మా ఇద్దరికీ ఉన్న చుట్టరికం అంతే!) 1926లో సొంత క్రికెట్ టీమ్ పెట్టాడు. ప్యాలెస్ ఆవరణలోనే గ్రౌండ్ వేయించాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఫ్రాంచైజీ ఓనర్. కాకపోతే అప్పట్లో వేలం లేదు, టీవీ డబ్బులు లేవు, లాభం అనే మాటే లేదు. జేబులోంచి పోవడమే.

డబ్బు చేసిన మంచి

ఇక్కడ తొందరపడి ఆయన్ని విలన్ చేసెయ్యొద్దు. ముందు మంచి కాలమ్ నింపుదాం.

1930-31లో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ టీమ్ ఇండియాకి రావాలి. దేశంలో శాసనోల్లంఘన ఉద్యమం నడుస్తోంది, టూర్ రద్దయింది. అప్పుడు విజ్జీ తనే ఒక టీమ్ కట్టి ఇండియా, సిలోన్‌లలో టూర్ నడిపాడు. ఆ టీమ్‌లోకి ఎవర్ని రప్పించాడో తెలుసా? జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. అప్పటికి ప్రపంచంలోనే పేరు మోసిన ఓపెనింగ్ జోడీ. మన సి.కె. నాయుడు కూడా ఆ టీమ్‌లో ఆడాడు. కొన్నేళ్ళ తర్వాత వెస్టిండీస్ ఆల్‌రౌండర్ లియరీ కాన్‌స్టంటైన్‌నీ రప్పించాడు.

ఇక్కడ ఒక సరదా సంగతి. హాబ్స్ ఫస్ట్‌క్లాస్ సెంచరీలు ఎన్ని అంటే విజ్డెన్ లెక్క 197, గణాంకాల సంఘం లెక్క 199. ఆ తేడా రెండు సెంచరీలు విజ్జీ టీమ్ తరఫున కొట్టినవే. ఆ మ్యాచులు ఫస్ట్‌క్లాస్‌వా కాదా అని ఇప్పటికీ రెండు లెక్కలున్నాయి. అంటే విజయనగరం డబ్బు ప్రపంచ రికార్డు పుస్తకంలో ఒక అంకెని మార్చేసింది అన్నమాట!

పెద్ద పేర్లు కొనడం ఒక్కటే కాదు. ఇండోర్ నుంచి ముస్తాక్ అలీ అనే టీనేజ్ కుర్రాణ్ణి కాశీ తీసుకొచ్చి, తన దగ్గర పెట్టుకుని ఆడించాడు. ఆ అబ్బాయే తర్వాత విదేశంలో టెస్ట్ సెంచరీ కొట్టిన మొదటి భారతీయుడయ్యాడు. 1932లో ఇండియా మొదటిసారి టెస్ట్ ఆడటానికి ఇంగ్లండ్ వెళ్తుంటే విజ్జీ బోర్డుకి 50 వేల రూపాయలు ఇచ్చాడు. 1932లో 50 వేలు! ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా గ్రౌండ్‌లో పెవిలియన్‌కి కూడా ఆయనే డబ్బిచ్చాడు. దానికి వైస్రాయ్ విల్లింగ్డన్ పేరు పెట్టించాడు.

ఆ ఆఖరి వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. గ్రౌండ్‌కి పెవిలియన్ వచ్చింది, ఆటగాళ్ళకి నీడ వచ్చింది. విజ్జీకి వైస్రాయ్ దగ్గర మార్కులూ పడ్డాయి. ఒకే డబ్బుకి రెండు పనులు.

బిల్లు వచ్చిన రోజు: 1936

1932 టూర్‌లో కెప్టెన్ పోరుబందర్ మహారాజా. ఆయనకి తన ఆట ఎంతో తెలుసు. లార్డ్స్‌లో టెస్ట్ వచ్చేసరికి పక్కకి తప్పుకుని సి.కె. నాయుడికి టీమ్ అప్పగించాడు. మచిలీపట్నం మూలాలున్న మన తెలుగాయన అలా ఇండియా మొదటి టెస్ట్ కెప్టెన్ అయ్యాడు. అదే టూర్‌కి విజ్జీకి 'డిప్యూటీ వైస్ కెప్టెన్' అనే పోస్టు ఇచ్చారు గానీ ఆయన వెళ్ళలేదు. ఆయనకి కావాల్సింది అది కాదు మరి.

1936లో ఇంగ్లండ్ టూర్‌కి బోర్డులో మద్దతు కూడగట్టి కెప్టెన్సీ తెచ్చుకున్నాడు. వయసు 30. టీమ్‌లో 40 ఏళ్ళ సి.కె. నాయుడు ఉన్నాడు, విజయ్ మర్చంట్ ఉన్నాడు, అమర్ సింగ్ ఉన్నాడు. వీళ్ళందరికీ కెప్టెన్ విజ్జీ. వెంట 36 లగేజీలు, ఇద్దరు నౌకర్లు.

మూడు టెస్టుల్లో ఆయన స్కోరు చూడండి. 6 ఇన్నింగ్స్, 33 పరుగులు, రెండుసార్లు నాటౌట్, హయ్యెస్ట్ 19. సగటు 8.25. ఇక్కడ నాకు ఒక విషయం స్ట్రైక్ అయింది. ఆయన బ్యాటింగ్‌కి వచ్చింది తొమ్మిదో నంబర్‌లో! గల్లీలో బ్యాట్ ఓనర్ ఫస్ట్ బ్యాటింగ్ అడుగుతాడు. విజ్జీ అడిగింది అంతకంటే పెద్దది. ఎవరు ఎప్పుడు బ్యాటింగ్‌కి వెళ్ళాలో చెప్పే అధికారం. మన భాషలో అడ్మిన్ యాక్సెస్.

దాన్ని ఎలా వాడాడో చూడండి. లాలా అమర్‌నాథ్ ఇండియా తరఫున మొదటి టెస్ట్ సెంచరీ కొట్టినవాడు (1933, బొంబాయి). ఈ టూర్‌లోనూ బాగా ఆడుతున్నాడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్. అమర్‌నాథ్‌కి నడుం నొప్పి. ప్యాడ్లు కట్టుకుని రెడీగా ఉండమన్నారు. వికెట్ పడ్డ ప్రతిసారీ ఇంకొకర్ని పంపించారు. ఆయన అలా కూర్చునే ఉన్నాడు. చివరికి ఎప్పుడో పంపారు. తిరిగొచ్చాక కోపంతో కిట్ విసిరేసి పంజాబీలో ఏదో తిట్టాడు. అంతే, విజ్జీ, మేనేజర్ మేజర్ బ్రిటన్ జోన్స్ కలిసి మొదటి టెస్ట్ మొదలవ్వకముందే ఆయన్ని ఓడ ఎక్కించి ఇండియా పంపేశారు.

జూన్ 27న లార్డ్స్ టెస్ట్ మొదలైంది. మనవాళ్ళు 147 చేశారు. అమర్ సింగ్ 35 పరుగులకి 6 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ని 134కే ఆపేశాడు. మనకి 13 పరుగుల లీడ్! రెండో ఇన్నింగ్స్‌లో 93కి ఆలౌట్. 9 వికెట్లతో ఓడిపోయాం. ఆ 93 లో అమర్‌నాథ్ బ్యాట్ లేదు. ఉంటే గెలిచేవాళ్ళమని నేను అనను. లేకపోవడానికి కారణం క్రికెట్ కాదు అంటాను, అంతే.

రెండో టెస్ట్ మాంచెస్టర్‌లో. దీని గురించి క్రికెట్ లోకంలో ఎప్పటినుంచో చెప్పుకునే కథ ఒకటుంది. మర్చంట్ అంటే విజ్జీకి పడేది కాదు. ముస్తాక్ అలీకి బంగారు గడియారం ఇస్తానని, మర్చంట్‌ని రనౌట్ చెయ్యమని చెప్పాడట. ముస్తాక్ నేరుగా వెళ్ళి ఆ మాట మర్చంట్‌కే చెప్పేశాడట. ఇద్దరూ నవ్వుకుని బ్యాటింగ్‌కి దిగారట. గడియారం సంగతి కథే అనుకున్నా, స్కోర్‌బోర్డ్ మాత్రం కథ కాదు. మొదటి వికెట్‌కి 203 పరుగులు. ముస్తాక్ 112, మర్చంట్ 114. ఆ టెస్ట్ రెండో రోజు రెండు టీములూ కలిసి 588 పరుగులు చేశాయి. ఒక్కరోజులో అన్ని పరుగులు ఇంకే టెస్ట్‌లోనూ రాలేదు. మ్యాచ్ డ్రా అయింది.

మూడో టెస్ట్ ఓవల్‌లో. బాకా జిలానీ అనే ప్లేయర్‌కి అక్కడ మొదటి టెస్ట్, అదే ఆఖరిది కూడా. బ్రేక్‌ఫాస్ట్ టేబుల్ దగ్గర సి.కె. నాయుణ్ణి అవమానించినందుకు వచ్చిన బహుమతి అది అని అప్పట్నుంచీ అంటారు. అదే మ్యాచ్‌లో సి.కె. ఒంటికి బంతి దెబ్బలు తగులుతున్నా నిలబడి 81 కొట్టాడు. మళ్ళీ 9 వికెట్లతోనే ఓడాం. ఇద్దరూ తెలుగువాళ్ళే. ఒకాయన టీమ్‌ని నడిపే హక్కు కొనుక్కున్నాడు, ఇంకొకాయన దెబ్బలు తిని పరుగులు తీశాడు.

ఈ టూర్ మధ్యలోనే విజ్జీకి 'సర్' బిరుదు వచ్చింది.

రిపోర్ట్, తర్వాత రిటర్న్

తిరిగొచ్చాక గొడవ పెద్దదైంది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ నాయకత్వంలో కమిటీ వేశారు. 1937 జనవరిలో రిపోర్ట్ వచ్చింది. సారాంశం: విజ్జీకి ఫీల్డింగ్ పెట్టడం, బౌలర్లని మార్చడం తెలీదు, బ్యాటింగ్ ఆర్డర్ నిలకడగా ఉంచలేదు. అమర్‌నాథ్ తప్పేమీ లేదు.

ఇక్కడితో కథ అయిపోతే ఈ వ్యాసం రాయడం ఈజీ. కానీ అయిపోలేదు. చాలా ఏళ్ళు క్రికెట్‌కి దూరంగా ఉన్న విజ్జీ అడ్మినిస్ట్రేటర్‌గా తిరిగొచ్చాడు. 1947లో 'సర్' బిరుదు వెనక్కిచ్చేశాడు. 1954లో బోర్డు అధ్యక్షుడయ్యాడు. ఉత్తరప్రదేశ్ క్రికెట్‌ని నిలబెట్టే పనిలో పడి, 1956-57 రంజీ సీజన్‌లో యూపీ టీమ్‌కి కెప్టెన్‌గా ఎవర్ని పిలిచాడో ఊహించండి. సి.కె. నాయుణ్ణే! అప్పటికి నాయుడికి 61 ఏళ్ళు. ఇరవై ఏళ్ళ క్రితం ఎవరికి రావాల్సిన కుర్చీలో తను కూర్చున్నాడో, ఆయన్నే పిలిచి కుర్చీ వేశాడు. అది పశ్చాత్తాపమో, అభిమానమో. ఏదైనా మంచి కాలమ్‌లోనే రాయాలి.

రేడియోలో కామెంటరీ చెప్పాడు. 1958లో పద్మభూషణ్. 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఎంపీగా ఉండగానే 1965 డిసెంబర్ 2న కాశీలో చనిపోయాడు. యూనివర్సిటీ ప్లేయర్ల జోనల్ టోర్నమెంట్‌కి ఆయన పేరే పెట్టారు, విజ్జీ ట్రోఫీ. అంటే మన వయసువాళ్ళు ఆడే కప్పు మీద ఆయన పేరుంది.

ఇది రాజుల జబ్బు మాత్రమేనా?

కాదు. అమెరికాలో జార్జ్ స్టైన్‌బ్రెన్నర్ అని ఒక ఓనర్. 1973లో న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ టీమ్‌ని దాదాపు కోటి డాలర్లకి కొన్న గ్రూప్‌కి లీడర్. ప్లేయర్ల మీద డబ్బు నీళ్ళలా పోశాడు. 2010లో చనిపోయేలోపు ఏడు వరల్డ్ సిరీస్ టైటిళ్ళు వచ్చాయి. అదే మనిషి బిల్లీ మార్టిన్ అనే మేనేజర్‌ని ఐదుసార్లు పెట్టుకుని ఐదుసార్లు పంపేశాడు. తన టీమ్ ప్లేయర్ డేవ్ విన్‌ఫీల్డ్ మీద బురద వెతకడానికి ఒక జూదగాడికి 40 వేల డాలర్లిచ్చి 1990లో నిషేధం తెచ్చుకున్నాడు. 1993లో తిరిగొచ్చాడు.

పోలిక కనిపిస్తోందా? ఇద్దరూ ఆటని నిజంగా ప్రేమించారు. ఇద్దరూ ఖర్చుకి వెనకాడలేదు. ఇద్దరూ సొంత టీమ్ ప్లేయర్‌కే ఎసరు పెట్టారు. తేడా ఒక్కటే, స్టైన్‌బ్రెన్నర్ ఎప్పుడూ బ్యాట్ పట్టుకుని గ్రౌండ్‌లోకి దిగలేదు. అందుకే ఆయన టీమ్ గెలిచింది కూడా. ఓనర్, కెప్టెన్ ఒక్కడే అయితే తప్పు చెప్పేవాడు మిగలడు.

ఇప్పుడు నా స్కోర్ బుక్

ఇంటర్ ఫస్టియర్ సంక్రాంతికి మా దగ్గర టెన్నిస్ బాల్ టోర్నమెంట్ జరిగింది. చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ళ నుంచి టీములొచ్చాయి. నా హ్యాండ్‌రైటింగ్ బాగుంటుందని అన్నయ్య వాళ్ళు నన్ను స్కోరర్‌గా కూర్చోబెట్టారు. అమ్మాయిల్లో నేనొక్కదాన్నే. భలే గర్వంగా ఉండేది.

మా టీమ్‌కి ఒక ఓనర్ గారు. పేరు చెప్పను. జీడిపప్పు వ్యాపారం. డ్రెస్సులు, బ్యాట్లు, మైకు, మధ్యాహ్నం బిర్యానీ అన్నీ ఆయనవే. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వీధికి జనరేటర్ తెప్పించి నీళ్ళ మోటార్లు తిప్పించింది ఆయనే. ప్రతి ఇంటికీ బియ్యం పంపించింది ఆయనే. ఉద్దానంలో కొబ్బరి చెట్లూ జీడి చెట్లూ వేర్లతో సహా పడిపోయిన రోజులవి. ఆ బియ్యం మా ఇంట్లోనూ వండుకున్నాం. అది నేను మర్చిపోలేను.

ఆ రోజు ఆయన ఓపెనింగ్‌కి దిగారు. బానే ఆడారు కూడా, 46. మధ్యలో ఒక ఫోర్ ప్యాడ్‌కి తగిలి వెళ్ళింది. అంపైర్ మోకాలు ఎత్తి చేత్తో తట్టి చూపించాడు, లెగ్‌బై. నేను అలాగే రాశాను. ఇన్నింగ్స్ అయ్యాక ఆయన నా టేబుల్ దగ్గరికొచ్చారు.

"ఏటమ్మా, నలభై ఆరేనా? ఆ ఫోరు బేటుకి తగిలిందే. మార్చీమ్మా."

నేను అన్నయ్య వైపు చూశాను. అన్నయ్య నేల వైపు చూశాడు. రబ్బరు తీసుకుని తుడిచాను. ఎక్స్‌ట్రాల్లోంచి 4 తీసి ఆయన పేరు పక్కన వేశాను. 50. మైకులో అనౌన్స్ చేశారు, టపాసులు కాల్చారు.

టీమ్ టోటల్ మారలేదు. మ్యాచ్ రిజల్ట్ మారలేదు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను.

క్రికెట్ స్కోరింగ్ తెలిసినవాళ్ళు ఈపాటికి పట్టేసుంటారు. లెగ్‌బై పరుగులు బౌలర్ ఖాతాలో పడవు. బ్యాట్ పరుగులు పడతాయి. సాయంత్రం బెస్ట్ బౌలర్ లెక్కేస్తే ఇద్దరికి చెరో 8 వికెట్లు. తక్కువ పరుగులిచ్చిన వాళ్ళకి ప్రైజ్. ఒకరు మా టీమ్, 63 ఇచ్చాడు. ఇంకొకరు బీచ్ వైపు ఊరి నుంచి వచ్చిన అబ్బాయి, ఆ ఫోర్ వెళ్ళింది అతని బౌలింగ్‌లోనే. అతను ఇచ్చింది 61. నా బుక్‌లో 65.

కప్పు, క్యాష్ మా టీమ్ వాడికి వెళ్ళాయి. ఆ అబ్బాయి వచ్చి "ఒకపాలి బుక్ సూపింతావా?" అని అడిగాడు. చూపించాను. వేలితో ఒక్కో బంతీ లెక్కపెట్టుకున్నాడు. తుడిచిన చోట కాగితం కాస్త పల్చబడి ఉంది. అక్కడ వేలు ఆగింది. నావైపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి తాతకి చెప్పాను. "డబ్బెట్టినోడు అడిగితే కాదని ఎలాగంటావు? మళ్ళీ ఏడు ఆటుండాలి కదా" అన్నాడు. కాసేపాగి, "ఆ గుంటడికి బస్సు డబ్బులైనా ఇచ్చారేటి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఈ కథల నుంచి నేను నేర్చుకున్నవి

ఒకటి. మంచినీ చెడునీ కలిపి సగటు తియ్యొద్దు. విజ్జీ హాబ్స్‌ని తెచ్చాడు కాబట్టి అమర్‌నాథ్‌ని పంపెయ్యడం సరిపోయింది అనలేం. అమర్‌నాథ్‌ని పంపేశాడు కాబట్టి ముస్తాక్ అలీకి చేసింది ఉత్తుత్తిది అనీ అనలేం. రెండూ రెండు కాలమ్‌లు. మా ఓనర్ గారి బియ్యం నిజం, నా రబ్బరు నిజం. ఒకదాన్ని పెట్టి ఇంకోదాన్ని తుడిచేస్తే మనం చేసేది కూడా స్కోర్ మార్చడమే.

రెండు. టోటల్ సరిపోయినంత మాత్రాన డేటా కరెక్ట్ కాదు. డీబీఎంఎస్ క్లాసులో ఒక టేబుల్‌లో వాల్యూ మారిస్తే దానికి లింక్ ఉన్న టేబుల్ ఏమవుతుందో సార్ చెప్తుంటే నాకు ఆ 65 గుర్తొచ్చింది. డబ్బున్నవాడికి ఊరికే ఇచ్చినట్టు కనిపించే ప్రతి గౌరవమూ ఇంకెవరి ఖాతాలోంచో తీసిందే. కెప్టెన్సీ ఒక్కటే ఉంటుంది. విజ్జీకి వస్తే నాయుడికి రాదు.

మూడు. ఓనర్ ఒక్కడే తప్పు చెయ్యలేడు. ఓట్లేసిన బోర్డు కావాలి, సంతకం పెట్టే మేనేజర్ కావాలి, రబ్బరు పట్టుకున్న స్కోరర్ కావాలి. అలాగే ఆపడానికీ ఒక్కరు చాలు. గడియారం కథ నిజమైతే, ముస్తాక్ అలీ చేసిందల్లా విన్నది విన్నట్టు మర్చంట్‌కి చెప్పడమే. తనని పెంచిన మనిషి మాటే అయినా. ఆయన మీద గొడవ కూడా పెట్టుకోలేదు. వెళ్ళి సెంచరీ కొట్టాడు.

నాలుగు. డబ్బిచ్చేవాళ్ళు మనకి కావాలి. వాళ్ళు లేకపోతే గ్రౌండ్ లేదు, మైకు లేదు, మన కాలేజీ ఫెస్ట్ కూడా లేదు. అందుకే డబ్బు తీసుకునే ముందే మాట్లాడుకోవాలి. బ్యానర్ మీద పేరు మీది, స్టేజి మీద శాలువా మీది, మొదటి వరసలో కుర్చీ మీది. టీమ్ సెలెక్షన్, జడ్జిమెంట్, స్కోర్ బుక్ మాత్రం మావి. ఈ మాట ముందు చెప్తే మర్యాదగా ఉంటుంది. తర్వాత చెప్తే గొడవవుతుంది. అసలు చెప్పకపోతే రబ్బరు దాకా వస్తుంది.

వచ్చే సెమిస్టర్ ఫెస్ట్‌కి స్పాన్సర్ల లిస్ట్ తయారవుతోందని విన్నాను. కమిటీలో ఉన్నవాళ్ళు ఆ నాలుగో పాయింట్ ఒక్కసారి చదవండి చాలు.

ఇక నా పని ఒకటి మిగిలింది. ఆ స్కోర్ బుక్ మా ఇంట్లో అటక మీద ఉంది. దసరా సెలవులకి వెళ్ళినప్పుడు దించాను. పెన్నుతో, ఈసారి చెరిగిపోకుండా, 65 కొట్టేసి 61 అని రాసి పక్కన నా సంతకం పెట్టాను. 50 కొట్టేసి 46 అని కూడా రాశాను. ఆ అబ్బాయి నంబర్ అన్నయ్య సంపాదించాడు. ఈ సంచిక రాగానే లింక్ అతనికి పంపుతాను. ఓనర్ గారికి కూడా పంపాలి. అదే కొంచెం భయంగా ఉంది.